గాలిపటాల కాపలా

నా ఉద్యోగం ఏమిటో ఎవరైనా అడిగితే
మా అత్తగారు ఇప్పటికీ కొంగడ్డం పెట్టుకుని నవ్వుతుంది.
జకార్తా నుంచి బాండుంగ్‌కి దూసుకుపోయే రైలు కింద,
వంతెన స్తంభాల వెంట,
నారింజ రంగు చొక్కా వేసుకుని, కొక్కెం కర్ర పట్టుకుని
పిల్లల దగ్గర గాలిపటాలు గుంజుకుంటాను.

నవ్వులాట కాదు.
మంచుకు తడిసిన దారం ఒక్క పోగు
పైన కరెంటు తీగకు చుట్టుకుంటే చాలు,
మూడువందల యాభై వేగం
ఎక్కడిదక్కడ చతికిలబడుతుంది.
ఆరువందల మంది గడియారాలు చూసుకుంటారు.
అప్పుడు వెతికేది నన్నే:
యాయత్, కరావాంగ్ గస్తీ.

తూర్పుగాలి మొదలైతే
నాకు ఆకాశం చూసి అన్నం సయించదు.

ఒకప్పుడు ఇక్కడ ఎటు చూసినా వరే.
కోత కాగానే మోళ్లు గుచ్చుకుంటున్నా పరిగెత్తేవాళ్లం.
తెగిన పటం ఎవరికి దొరికితే వాళ్లది,
అంతకు మించిన చట్టం మాకు తెలీదు.
ఇప్పుడు మోటార్ సైకిళ్ల ఫ్యాక్టరీ, దాని పక్కన గోదాములు,
వాటి వెనక ఒకే అచ్చులో పోసిన ఇళ్లు.
గేటు మీద 'పచ్చలోయ' అని రాశారు.
పచ్చా లేదు, లోయా లేదు.
ఇంటికీ ఇంటికీ నడుమ ఆకాశం
ఆరేసిన లుంగీ అంత.
రైలు దారి పొడవునా మాత్రం
ఎవరూ ఏమీ కట్టకూడని పట్టీ ఒకటి మిగిలింది.
గాలి కూడా అక్కడికే వస్తుంది.
పిల్లలు మరెక్కడికి పోతారు?

వెదురు చీల్చి పటాలు కట్టే ముసలి ఓయో
నన్ను చూడగానే సరుకు మీద గోనెపట్టా కప్పేస్తాడు.
"నీ మొదటి పటం నా దగ్గర అరువు తీసుకున్నదే.
ఆ బాకీ ఇంకా తీరలేదు."
నిజమే.

సాస్కియా అని తొమ్మిదేళ్ల పిల్ల ఉంది.
ఏడవదు, పారిపోదు,
దారం కండెకు చుట్టుకుంటూ బేరం పెడుతుంది.
"ఈ బండికీ ఎదురుబండికీ మధ్య
పద్దెనిమిది నిమిషాలుంది కదా మామా,
పదిహేను చాలు నాకు."
టైంటేబుల్ నాకంటే దానికే బాగా వచ్చు.
ఎప్పుడైనా ఎక్కావా అని అడిగాను.
"అది ఇక్కడ ఆగదుగా" అంది,
మబ్బు గురించి చెప్పినంత మామూలుగా.

కాపలా గదిలో మేకులకు వేలాడుతున్నవి
ఈ ఏడాది ఇప్పటికి నూట పన్నెండు.
తలుపు తీస్తే అన్నీ ఒక్కసారే కదులుతాయి.
వాటి కిందే కూచుని రిపోర్టు రాస్తాను.

పోయిన నెల, సిబ్బంది పాసు మీద,
మొదటిసారి రైలెక్కాను.
మా అమ్మ బస్సు కిటికీలోంచి వాంతులు చేసుకుంటూ
పూటంతా పోయిన దారి ఇది.
పెట్టె చివర అంకెలు పెరుగుతున్నాయి.
మూడువందల నలభై ఎనిమిది దగ్గర
గ్లాసులో టీ కూడా తొణకలేదు.
నా గది కనబడుతుందేమోనని
అద్దానికి ముక్కు ఆనించాను.
వచ్చిందో, పోయిందో.
ఒక ఎర్రటి చుక్క మాత్రం
తోకతో సహా
గాలిలో నిలబడి ఉంది.

ఫోన్ తీశాను. చెప్పి తీరాలి, అది రూలు.
"ఏ కిలోమీటరు?" అంది అవతలి గొంతు.
నోరు తెరిచేసరికి
ఆ కిలోమీటరు లేదు,
దాని తర్వాతదీ లేదు.
"ఎర్రదండీ" అన్నాను.
"కిలోమీటరు చెప్పవయ్యా, యాయత్!"

కిటికీలో కొండలు మొదలయ్యాయి.
పక్క సీటాయన పేపరు దించి
నా కుడిచెయ్యి కేసి చూస్తున్నాడు.
చూపుడువేలు, బొటనవేలు
లేని దారాన్ని
కొంచెం కొంచెంగా వదులుతున్నాయి.